వంటగట్టెక్కిన మామయ్య

మా మామయ్య ఏదీ నోటితో చెప్పడు. చేసి చూపిస్తాడు.

బళ్ళో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు గానీ, ఆ అలవాటు మాత్రం రిటైరు కాలేదు. వీధిలో ఎవరైనా కొత్తవాళ్ళు "బస్టాండుకి ఎటు వెళ్ళాలండీ?" అని అడిగితే, చెయ్యి చాపి ఊరుకునే రకం కాదు. "రండి, చేసి చూపిస్తా" అని బస్టాండు దాకా నడిచి, వాళ్ళతోపాటు బస్సెక్కి, తరువాతి స్టాపులో దిగి తిరిగొస్తాడు. ఓసారి పక్కింటావిడ, మెట్లు తడిగా ఉన్నాయి, జారతాయేమో మాస్టారూ అని అనుమానపడింది. మామయ్య జారి చూపించాడు. చేతికి కట్టు కట్టించుకుని వచ్చి, "జారతాయమ్మా" అని ఖాయం కూడా చేశాడు.

నా చిన్నప్పుడు ఆయన మా బళ్ళోనే పనిచేసేవాడు. ఆటల పోటీల రోజున పరుగుపందెంలో, ఇంకాస్తలో గెలుస్తాననగా నేను బోర్లా పడ్డాను. నిక్కరు చిరిగింది. ఎక్కడ చిరిగిందో చెప్పనక్కర్లేదు, బడి బడంతా చూసింది. నవ్వులు మిన్నంటుతున్నాయి. మామయ్య మైదానం మధ్యకొచ్చి, "పడటం అంటే అలా కాదురా, చేసి చూపిస్తా" అని, ఇస్త్రీ మడత నలగని తెల్ల యూనిఫారంతో పరుగెత్తుకొచ్చి దభేలున పడ్డాడు. ఆ తరువాత ఎన్నో రోజులు బళ్ళో అందరూ ఆయన పడ్డ తీరే చెప్పుకున్నారు. నేనూ చెప్పుకున్నాను, అభినయించి మరీ.

ఈమధ్య ఆయన ఇంట్లోకి ఒక పిల్లిపిల్ల వచ్చింది. వాననీటి గొట్టంలో ఇరుక్కుని అరుస్తుంటే మామయ్యే బయటికి లాగాడు. నిలువెల్లా బొగ్గుముక్క. పేరు ఇన్‌స్పెక్టరు. ఎందుకంటే గిన్నె మూత తీసిన చప్పుడైతే చాలు, వంటగట్టెక్కి లోపలికి తొంగిచూసి, మీసాలు సర్దుకుని, తరువాతి గిన్నె తనిఖీకి వెళ్ళిపోతుంది.

మా అత్తయ్య ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. ఆవిడకి వంటగట్టంటే డాక్టరుకి ఆపరేషను బల్ల లాంటిది. ఒకరోజు ఎవరిదో పుట్టినరోజు కేకు మీద ముచ్చటగా పేరు రాసి, అటు తిరిగి ఇటు చూసేలోపు, పేరు కింద ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టేసింది. నాలుగు వేళ్ళు, ఒక అరికాలు.

"ఏమండీ," అంది అత్తయ్య, "ఆదివారం పెళ్ళికేకు ఆర్డరుంది. మూడంతస్తులది. అంత పెద్దది నేనెప్పుడూ చెయ్యలేదు. దాని మీద ఒక్క ముద్ర పడిందా, ఈ పిల్లి ధాన్యం కొట్టాయన గోడౌనుకి పోతుంది. ఎలుకలకి పిల్లి కావాలని ఆయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. ఆదివారం సాయంత్రం వచ్చి కనుక్కోమన్నాను."

మామయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ గోడౌన్లో ఎలుకలు ఇన్‌స్పెక్టరు కంటే పెద్దవి.

"గట్టెక్కకూడదని నేర్పితే సరి," అన్నాడు కాస్త తేరుకుని. "చేసి చూపిస్తా."

నాకు కబురొచ్చింది. వెళ్ళి చూద్దును కదా, మిక్సీకీ సింకుకీ మధ్య వంటగట్టు మీద మామయ్య బాసింపట్టు వేసుకుని కూర్చునున్నాడు. పిల్లి నేల మీద కూర్చుని తలెత్తి చూస్తోంది.

"ఏంటి మామయ్యా ఇది?"

"నేను పిల్లిని. నువ్వు మీ అత్తయ్యవి. దిగమను."

"దిగు మామయ్యా."

"మీ అత్తయ్య అంత మెత్తగా అంటుందట్రా? కసురు."

"దిగండి ముందు," అని కసిరాను. లోపల్నుంచి అత్తయ్య "అచ్చం నాలాగే ఉంది" అంది.

మామయ్య మోకాళ్ళు పటపటమంటుండగా దిగి, నా చేతిలో బిస్కెట్టు లాక్కుని కరకర నమిలాడు. "చూశావుగా," అన్నాడు పిల్లితో. "దిగితే బహుమతి. నీకైతే చేపముక్క."

పిల్లి చూసింది. దానికి బాగానే అర్థమైంది. దిగితే చేపముక్క వస్తుంది. దిగాలంటే ముందు ఎక్కాలి. ఇక చూసుకోండి, ఎక్కడం, దిగడం, చేపముక్క కోసం మామయ్య మొహంలోకి చూడటం.

"శిక్షణ భేషుగ్గా ఉంది," అంది అత్తయ్య. "ఇదివరకు తీరికున్నప్పుడే ఎక్కేది. ఇప్పుడు డ్యూటీ చేస్తోంది."

"పాఠం తప్పు కాదోయ్. బహుమతి ఇచ్చే చోటు తప్పు," అన్నాడు మామయ్య. "దానికి ఎత్తు కావాలి. ఎక్కడ ఎక్కకూడదో చెబితే చాలదు, ఎక్కడ ఎక్కొచ్చో కూడా చూపించాలి."

కిటికీ పక్కన రెండు ఎత్తు స్టూళ్ళు వెలిశాయి. అత్తయ్య వంటింట్లో అడుగుపెట్టగానే మామయ్య ఒకటి, పిల్లి ఒకటి ఎక్కి కూర్చునేవారు. పిల్లి గట్టు వైపు మెడ సాచితే, మామయ్య కదలకుండా ఎలా కూర్చోవాలో చూపించేవాడు. కుదురుగా కూర్చున్నంతసేపూ దానికి చేపముక్కలు, ఆయనకి బిస్కెట్లు. రోజులు గడిచేకొద్దీ పిల్లికి బుద్ధొచ్చింది, మామయ్యకి పొట్టొచ్చింది.

ఆదివారం వచ్చింది. గట్టు మీద మూడంతస్తుల కేకు మల్లెపువ్వులా నిలబడింది. చక్కెరపువ్వులు తేవడానికి అత్తయ్య పక్కగదిలోకి వెళ్ళింది. స్టూళ్ళ మీద వాళ్ళిద్దరూ, గుమ్మంలో నేను. అంతా సవ్యంగానే ఉంది. అప్పుడు ఒక ఈగ వచ్చింది.

ఈగ సంగతి మామయ్య పాఠంలో లేదు. ఇన్‌స్పెక్టరు గాల్లోకి లేచి, గట్టు మీద వాలి, కింది అంతస్తులో ముందుకాలు దిగేసి, తప్పు తెలిసినట్టు ఒక్క గెంతులో మళ్ళీ స్టూలెక్కి కూర్చుంది. తెల్లటి క్రీములో నాలుగు వేళ్ళు, ఒక అరికాలు.

పక్కగదిలోంచి అడుగుల చప్పుడు. మామయ్య స్టూలు దిగాడు. ఆ ముద్ర మీద తన అరచెయ్యి మొత్తం ఆనించి గట్టిగా నొక్కాడు.

"ఏమండీ." అత్తయ్య గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది.

"కేకు మీద చెయ్యి ఎలా పెట్టకూడదో వీడికి చేసి చూపిస్తున్నా."

"యాభైకి దగ్గరపడ్డవాడికా?"

"ఎప్పుడు నేర్చుకున్నా మంచిదేగా."

నేను బుద్ధిగా తలూపాను.

అత్తయ్య ఆయన చేతిని చూసింది. తరువాత స్టూలు వైపు చూసింది. బొగ్గులాంటి పిల్లి, తెల్లటి ముందుకాలు శ్రద్ధగా నాక్కుంటోంది. నా గుండె జారి గోడౌన్లో పడింది.

అత్తయ్య కత్తి తీసుకుని ఆ మేరకు కోసేసి, విడిగా ఉన్న కేకుముక్క అతికించి, కొత్త క్రీము పూసి, దాని మీదుగా చక్కెరపువ్వుల తీగ పాకించింది. "వెళ్ళి చెయ్యి కడుక్కోండి," అంది. ఆయన అటు వెళ్ళాక నాతో మెల్లగా అంది:

"నా మొట్టమొదటి కేకు మాడి మసైపోయింది తెలుసా? వచ్చినవాళ్ళందరి ముందూ. నేను గదిలోకెళ్ళి తలుపేసుకున్నాను. ఈయన 'మాడ్చడం అంటే అలా కాదు, చేసి చూపిస్తా' అని ఇంకోటి పెట్టి, ఇల్లంతా పొగ చేశారు. వీధివీధంతా బకెట్లతో పరుగెత్తుకొచ్చింది. ఇప్పటికీ మాడిన కేకంటే ఇక్కడ అందరూ ఆయనదే చెప్పుకుంటారు. నాది ఎవరికీ గుర్తులేదు."

నాకు తెల్ల యూనిఫారం గుర్తొచ్చింది. నా నిక్కరు సంగతి ఆ బళ్ళో మరెవరూ ఎత్తలేదు. ఇన్నాళ్ళూ అది నా అదృష్టమనుకున్నాను.

సాయంత్రం పెళ్ళివారు ఫోన్ చేశారు. కేకు బాగుందట, అందులోనూ ఆ పువ్వుల తీగ మరీ బాగుందట. అత్తయ్య కుర్చీలో కూలబడి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. మామయ్య పీల్చుకోబోతుండగా, ధాన్యం కొట్టాయన గోనెసంచీతో గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"ఏమ్మా, కేకు మీద ముద్ర పడిందా?"

మామయ్య పిల్లిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"పడింది," అంది అత్తయ్య. "అన్నమాట తప్పను. ముద్ర వేసింది ఈయన. తీసుకెళ్ళండి. ఎలుకల్ని ఎలా పట్టాలో చేసి చూపిస్తారు."

కొట్టాయన మామయ్యని ఎగాదిగా చూశాడు. మామయ్య ఇన్‌స్పెక్టర్ని జాగ్రత్తగా స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా చేతులు పైకి మడవడం మొదలెట్టాడు.