నీలిపూల గిన్నెలో జావ

ఆ గిన్నెను మా మామగారు మార్కాపురంలో హర్రాజు పాటలో కొన్నారు. ఓడెక్కి సీమకు వెళ్లిపోతున్న ఒక తెల్లదొర ఇంటి సామాను అది. తెల్లటి పింగాణీ, దాని నిండా నీలి కొమ్మలు, పూలు. చైనా దేశంలో తాతల కాలంలో చేసిందని దొర బట్లరు చెప్పాడట. గిద్దలూరు దాకా రైల్లో ఒళ్లో పెట్టుకుని, అక్కణ్ణుంచి రాచర్ల పక్కనున్న మా ఊరికి బండిలో గడ్డి మధ్య దాచి తెచ్చారు.

దాని అడుగు రెండు పొరలు, మధ్య బోలు. పక్కనున్న రంధ్రంలోంచి వేడినీళ్లు పోసి మూస్తే పైన జావ చాలాసేపు వెచ్చగా ఉంటుంది. అప్పుడు మా అత్తగారు విషజ్వరం తగ్గి, పుల్లలా చిక్కి మంచంలో ఉన్నారు. కొర్రజావ తప్ప ఏదీ పడదు. అది లోపలికి పోతేనే మనిషి దక్కుతుందని వైద్యుడు చెప్పిపోయాడు. గుక్కెడు తాగి ఆయాసపడేవారు, ఈలోగా జావ చల్లారేది. అందుకే ఆ గిన్నె. మామగారికి ఆ ఆలోచన ఇచ్చినందుకు చెన్నకేశవస్వామికి ఆ రోజు దీపం పెట్టాను.

మొదటి వారం బాగానే తాగారు. తర్వాత మొహం తిప్పుకోవడం మొదలైంది.

"మురుగు వాసనొస్తాంది పాపా. నాకొద్దు."

"నాలుగు మార్లు తడిగుడ్డ పెట్టి తుడిచినా అత్తా. వాసనెక్కడిది?"

"జరం నాలుక్కి పట్టింది," అన్నారు వాకిట్లోంచి మామగారు. "దొరసాని బిడ్డకు తాపిన గిన్నె మే అది. నీకు వాసనంట."

"అయితే ఆ బిడ్డనే పిలిపించి తాపు."

నేను నవ్వాను. నవ్వి, ఆమె దవడలు పట్టుకుని బలవంతంగా పోశాను. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మింగేవారు. ఆఖరికి పెదాలు తెరవడమే మానేశారు.

ఆ శనివారం నాకు ఒక్కపొద్దు. సాయంత్రం ఆమె వద్దన్న జావ గిన్నెడు మిగిలింది. పారబోయబుద్ధి కాక, దేవునికి దండం పెట్టుకుని నేనే ఎత్తి తాగాను. కప్ప చచ్చి తేలిన నీళ్లు నోట్లో పోసుకున్నట్టయింది. పెరట్లోకి పరిగెత్తి పసరు పడేదాకా కక్కాను.

గిన్నె బిరడా ఎక్కడో పోతే రంధ్రంలో గుడ్డపీలిక కుక్కేవాళ్లం. దాన్ని లాగితే తీగలు తీగలుగా జిగురు వచ్చింది. బోర్లిస్తే నల్లటి నీళ్లు, పులిసిన జావ గడ్డలు. ఆ కంపు నా కొంగుకు పట్టి రెండు ఉతుకులకు గానీ పోలేదు. ఆ బోలులో నీళ్లు నేను ఒక్కనాడూ వంచలేదు. ఎండాకాలం బావి అడుగు కనిపించే ఊరు మాది. నీళ్లు పారబోసే అలవాటు మా చేతులకు లేదు. తగ్గినంత మేర మరిగిన నీళ్లు కలుపుకుంటూ వచ్చాను, దీపంలో నూనె పోసినట్టు. పగులుతుందని మామగారు గిన్నెను బోర్లించనిచ్చేవారు కాదు. తడిగుడ్డతో తుడిచి ఊరుకునేదాన్ని. నీలికొమ్మల్లో ఒకటి కొమ్మ కాదు, సన్నటి బీట. అందులోంచి జావ కిందికి దిగి పులిసి, ఆ మురుగు మళ్లీ పైన జావలోకి ఊరింది. ఇన్నేళ్లయినా ఆ పూలు తలుచుకుంటే నాకు రోత పుడుతుంది. నా మీద నాకు కలిగే రోత అంతకన్నా ఎక్కువ.

"బూడిదేసి తోమితే పోతాది," అన్నారు మామగారు. "అపురూపమైన సామాను."

"అయితే మామా, ముందు మీరు తాగండి దాంట్లో."

ఆయనకు అంతవరకు నేనెప్పుడూ ఎదురు మాట్లాడలేదు. ఆయన గిన్నె వైపు చూసి, ముక్కు మీద తువ్వాలు పెట్టుకుని బయటికి వెళ్లారు.

మళ్లీ జావ కాచి కంచుగిన్నెలో తెచ్చాను. అత్తగారు గోడ వైపు తిరిగారు.

"నీ నాలుక చెడలేదు అత్తా. గిన్నె చెడింది. తప్పు నాది."

మెడ మాత్రం తిప్పి, నా చేతిలోని జావను అనుమానంగా చూశారు. చెప్పి లాభం లేదని, ఆమె చూస్తుండగానే ఆ కంచుగిన్నె ఎత్తి ఒక గుక్క తాగాను. పెద్దవాళ్లకు కోడలి ఎంగిలి పెట్టడం మా ఇళ్లల్లో లేదు. ఆమె నా గొంతు వైపే చూశారు.

"మింగినావా?"

"మింగినా."

"నోరు తెరువు."

తెరిచాను. చాలాసేపు చూసి చెయ్యి చాచారు. గుక్కకూ గుక్కకూ మధ్య ఆయాసపడుతూ అడుగంటా తాగారు.

"ఉప్పు లేదు దీంట్లో," అన్నారు.

ఆ మాట వినిపించినందుకు స్వామికి మనసులోనే దండం పెట్టుకుని, ఉప్పు కోసం లేచాను.