వైతోవాలో చుట్టం కాని మనిషి

వైతోవా దీవికి విమానం వచ్చే రోజున తెపాయెరు చీకటితోనే లేచి రెండు సంగతులు చూసుకుంటుంది. ఫైరింజన్ కదులుతుందా, రన్‌వే మీద పందులేమైనా పడుకున్నాయా. రెండూ సవ్యంగా ఉంటే రేడియోలో పెద్ద దీవికి కబురు పెడుతుంది. ఆ తర్వాతే అక్కడ విమానం లేస్తుంది. అది వచ్చి దిగాక, తిరుగు ప్రయాణానికి ఎక్కబోయే వాళ్లనీ వాళ్ల చేమదుంపల బస్తాలనీ కాటా మీద తూస్తుంది. దీవిలో ఎవరెంత బరువో ఆమె ఒక్కదానికే తెలుసు. పాస్టరుగారి దగ్గరున్న రహస్యాలకంటే తన దగ్గరున్నవే బరువైనవని మొగుడు నూరోవాతో అంటుందే తప్ప, ఒక్క అంకె కూడా ఇంతవరకూ బయటికి పొక్కలేదు.

ఇన్ని పనులు చేసే మనిషికి ప్రభుత్వం ఇచ్చిన పేరు 'ఇన్‌చార్జి'. ముందున్న ఆఫీసరు ఆక్లండ్ వెళ్లిపోయినప్పుడు, కొత్త మనిషిని వేసేదాకా ఒక నెల చూడమన్నారు. ఆ నెల ఆరేళ్లయినా పూర్తి కాలేదు. పసిఫిక్‌లో ఏ దీవిలో దిగినా ఈ ఇన్‌చార్జిలే ఎదురవుతారు. ఇన్‌చార్జి హెడ్మాస్టరు, ఇన్‌చార్జి నర్సు, ఒకచోటైతే ఇన్‌చార్జి జైలరు కూడా. ఆ జైల్లో ఉన్న ఒక్క ఖైదీ మాత్రం పర్మనెంటు. ఇన్‌చార్జికి పని మొత్తం, జీతం సగం. పెద్ద దీవిలో సూపర్ మార్కెట్లో బిల్లులు కొట్టే పిల్లకి తెపాయెరు కంటే ఎక్కువ వస్తుంది, పైగా ఆ పిల్ల పందుల్ని తరమక్కర్లేదు.

ఆమెని పర్మనెంటు చెయ్యకూడదని ఎవరికీ లేదు. అదే విచిత్రం. పెద్ద దీవిలోని కార్యాలయం రెండుసార్లు ఎంపిక కమిటీ వేసింది. రెండుసార్లూ ఒక్క నిబంధన దగ్గర బండి ఆగిపోయింది: కమిటీలో కూర్చునేవాళ్లు అభ్యర్థికి చుట్టాలై ఉండకూడదు. ఎక్కడో లక్షల మంది ఉండే నగరంలో, పక్కింటివాడి పేరు కూడా తెలియనిచోట, మంచి మనసుతోనే ఎవరో రాసిన నిబంధన అది. వైతోవాలో జనమంతా ఒకే చర్చిలో పట్టేస్తారు. పట్టడమే కాదు, ప్రతి ఆదివారం పట్టి చూపిస్తూనే ఉంటారు.

మొదటి కమిటీకి పెద్ద మెతువా తాత. దీవి కౌన్సిల్లో సగం మాటలు ఆయనవే. అభ్యర్థితో మీకు చుట్టరికం ఉందా అన్న ప్రశ్న చదివి వినిపించగానే ఆయన లేచి నిలబడ్డాడు. దీవిలో చుట్టరికం అడగడమంటే గౌరవించడం. దానికి కూర్చుని జవాబు చెప్పరు. మొదటి పడవలో వచ్చిన ముత్తాతల దగ్గర ఎత్తుకుని, ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవరిని పెంచుకున్నారో, ఏ కొబ్బరితోట ఏ కోడలితో ఏ ఇంటికి వచ్చిందో గొంతెత్తి చెప్పుకుంటూ మధ్యాహ్నం భోజనాల వేళకి తెపాయెరు నాయనమ్మ దాకా వచ్చాడు. ఆ నాయనమ్మ ఆయనకి స్వయానా అక్క. వింటున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కమిటీ రద్దయింది. రెండో కమిటీలో అకైతి అవ్వ ఉంది. ఆవిడకి అంత సేపు పట్టలేదు. "నా చేత్తో పాలు పట్టాను దీనికి. ఇంకేం కావాలి మీకు?" అంది.

రెండోది కూడా రద్దయ్యాక మెతువా తాతకి బాధనిపించింది. ఒక సాయంత్రం తెపాయెరు ఇంటి వసారాలో కూర్చుని, గొంతు తగ్గించి అన్నాడు:

"ఒసే పిల్లా, ఈసారి నన్ను వేస్తే చుట్టరికం లేదని సంతకం పెట్టేస్తానే. ఒక్క ముక్కేగా. దేవుడికి నిజం తెలుసు."

పక్కనే చాప అల్లుతున్న అకైతి అవ్వ చెయ్యి ఆపింది. "దేవుడికి తెలుసు. భూమి కోర్టుకి తెలుసా? నీ మనవలు రేపు ఆ కాగితం పట్టుకెళ్లి, తెపాయెరు మా వంశం కాదు, మా తాతే రాసిచ్చాడు అంటే? ఉద్యోగం కోసం తోట పోగొట్టమంటావా దాన్ని?"

"నా మనవలు అలాంటోళ్లు కాదు."

"నీ మనవలే కదా. నీలాంటోళ్లే."

తెపాయెరు కూడా ఒప్పుకోలేదు. భూమి సంగతి అలా ఉంచినా, నువ్వు నాకేమీ కావు అని ఆ ముసలాయన చేత రాయించి తెచ్చుకున్న ఉద్యోగంతో ఏ ముఖం పెట్టుకుని చర్చిలో ఆయన వెనక వరసలో కూర్చుంటుంది?

చివరికి నూరోవా చెల్లెలు ఆక్లండ్ నుంచి ఫోన్ చేసింది. కోళ్లు కోసి పెట్టెల్లో సర్దే ఫ్యాక్టరీలో ఇద్దరికీ పని ఉంది, వారం వారం జీతం, ఇన్‌చార్జి గొడవే లేదు. తెపాయెరు మర్నాడు పొద్దున్నే లేచి, వెళ్దాం అంది. శుక్రవారం విమానానికి టిక్కెట్లు తీశారు. నూరోవా తన చేపల పడవని బావకి ఇచ్చేశాడు. తెపాయెరు తన తల్లీ అత్తా కుట్టిన పూల దుప్పట్లని మూత బిగించే ఇనప డ్రమ్ములో సర్దింది. ఇల్లు ఒక్కసారి గుయ్యిమంటున్నట్టు అయింది.

సరిగ్గా అప్పుడే కార్యాలయం నుంచి కబురు. బయటి మనిషిని పంపుతున్నాం, ఆవిడే ఇంటర్వ్యూ చేసి అక్కడికక్కడే తేలుస్తుంది. పేరు మెలనీ. ఆక్లండ్‌లో పుట్టి పెరిగింది, తండ్రి తెల్లవాడు, ఉద్యోగంలో కొత్తగా చేరింది. మంగళవారం విమానంలో వస్తుంది, శుక్రవారం ఇంటర్వ్యూ చేసి అదే రోజు విమానంలో వెళ్తుంది.

వైతోవాలో ఎవరు దిగినా ముందు అడిగేది ఒకటే: "నువ్వు ఎవరి పిల్లవి?" అక్కణ్ణించి రెండు నిమిషాల్లో ఏదో ఒక చుట్టరికం బయటపడుతుంది. బయటపడిందా, మూడో కమిటీ కూడా సముద్రంలోకే. అందుకని ఆదివారం ప్రార్థన అయ్యాక మెతువా తాత చర్చి మెట్ల మీద నిలబడి హెచ్చరించాడు: "శుక్రవారం సంతకం అయ్యేదాకా ఆ పిల్లని ఎవరూ ఏమీ అడక్కండి. ఊరు అడక్కండి, పేరు అడక్కండి, ముక్కు ఎవరి పోలికో చూడకండి. ముఖ్యంగా నువ్వు, అకైతీ."

"నేను దాని మొహమే చూడను, పో" అంది అవ్వ.

చూడకుండా ఉండటం కోసం అవ్వ మూడు రోజులు ఇల్లు కదల్లేదు. మెలనీ దీవి చుట్టూ తిరిగింది. జనం నవ్వారు, కొబ్బరిపాలలో ఉడికించిన చేమాకులు పెట్టారు, నిమ్మరసంలో ఊరిన పచ్చిచేప పెట్టారు, వాన గురించి మాట్లాడారు. మళ్లీ వాన గురించే మాట్లాడారు. పాస్టరుగారి భార్య అయితే ఒకసారి "నువ్వు ఎవ..." అని మొదలెట్టి, నాలుక కరుచుకుని, "ఎవరికో చేపలు ఎక్కువ పడుతున్నాయట" అని ఏదో గొణిగింది.

శుక్రవారం పొద్దున ఎయిర్‌పోర్టు రేకుల షెడ్డులోనే ఇంటర్వ్యూ. తెపాయెరు తన సామాను తనే తూచి, చీటీలు కట్టి, గోడవారన పెట్టుకుంది. ఉద్యోగం వస్తే సామాను ఇంటికి, రాకపోతే విమానంలోకి. నూరోవా ఆ డ్రమ్ము మీదే కూర్చున్నాడు. ఊరంతా షెడ్డు బయట గడ్డిలో కూర్చుంది. లోపల దీవి తరఫున మెతువా తాత, సాక్షిగా మాత్రమే. ఎట్టకేలకు అకైతి అవ్వ కూడా వచ్చింది, కళ్లు నేల మీద పెట్టుకుని.

మెలనీ చుట్టరికం ప్రశ్న దగ్గరికి వచ్చింది. లేదు అని రాయడానికి కలం కాగితం మీద పెట్టి, ఎత్తేసింది.

"ఒక మాట అడగొచ్చా? నేను వచ్చి ఇన్నాళ్లయింది. ఒక్కరు కూడా నేనెవరినో అడగలేదు. మా అమ్మ చెప్పింది, అక్కడివాళ్లు అడగకుండా ఉండలేరు అని. నా మీద ఏమైనా కోపమా?" చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది. "మా అమ్మమ్మది ఈ దీవేనట. చిన్నప్పుడే వెళ్లిపోయింది. ఆవిడ చిన్నప్పటి ఫొటో తెచ్చాను. ఎవరికి చూపించాలో తెలియలేదు."

మెతువా తాత రెండు చేతులూ ఎత్తి "వద్దమ్మా, లోపల పెట్టెయ్, సంతకం చేసి తర్వాత..." అంటూనే ఉన్నాడు. ఫొటో అప్పటికే బల్ల మీద ఉంది. అకైతి అవ్వ కళ్లు నేల మీంచి బల్ల మీదకి లేచాయి.

"వైనేరీ!" అని అరిచింది. "ఇది వైనేరీ! మా చిన్నాన్న కూతురు! నాతో ఒకే పళ్లెంలో తిన్నది!"

ఇక ఎవరు ఆపగలరు? అవ్వ ఆ పిల్లని పట్టుకుని ఏడ్చింది, ఆ పిల్ల అవ్వని పట్టుకుని ఏడ్చింది. బయట గడ్డిలో ఉన్నవాళ్లు లోపలికి వచ్చి ఏడ్చారు. మూడు రోజులుగా మింగిన ప్రశ్నలన్నీ ఒక్కసారి బయటికి తన్నుకొచ్చాయి. తెపాయెరు కూడా మెలనీ బుగ్గ ముద్దుపెట్టుకుంది, మరి చెల్లెలి వరస. ముద్దు పెట్టుకుని, పక్కకి వచ్చి, "సామాను పట్టు" అని మొగుడితో మెల్లిగా అంది.

అంతలో విమానం చప్పుడు. ఆమె అలవాటు కొద్దీ పరుగెత్తి ఫైరింజన్ దగ్గర నిలబడింది. విమానం దిగింది. పైలట్ ఫెర్గస్, న్యూజిలాండ్ దక్షిణ కొసలో గొర్రెలు కాసుకునే ఇంటివాడు, ఎర్రటి చెవులవాడు, ఇన్నేళ్లుగా వారానికి రెండుసార్లు వచ్చేవాడు, దిగి సామాను చీటీలు చూశాడు.

"ఇదేంటి, నీ పేరుంది? నువ్వు ఎక్కుతున్నావా?"

"ఎక్కుతున్నాను."

"నువ్వు ఎక్కితే ఫైరింజన్ దగ్గర ఎవరుంటారు? మనిషి లేకుండా నేను విమానం లేపకూడదు కదా."

"మనిషిని ఏర్పాటు చేస్తామని కార్యాలయం రాసింది."

ఫెర్గస్ చుట్టూ చూశాడు. మెలనీ కూడా చూసింది. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏర్పాటు కనిపించలేదు.

మెలనీ ముక్కు తుడుచుకుని, ఫోన్ తీసి పెద్ద దీవిలో తన పై అధికారికి చేసింది. ఊరంతా వింటోంది కాబట్టి గొంతు దాచలేదు. "సార్, ఇక్కడ చుట్టం కానివాళ్లు లేరు. నేను కూడా చుట్టాన్నే, ఇప్పుడే తెలిసింది. ఇంకో నెల ఆగితే ఎయిర్‌పోర్టే ఉండదు... లేదు సార్, ఇంకొకరిని పంపడానికి విమానం దిగాలి కదా, దిగడానికి ఈవిడ ఉండాలి... పని తెలిసిన తటస్థుడైతే చాలంటారా? రాసి ఉందా అలాగ?" ఆమె కళ్లు మెల్లిగా ఫెర్గస్ ఎర్రటి చెవుల మీదకి వచ్చాయి. "ఒకాయన ఉన్నారు సార్."

ఫెర్గస్‌ని బల్ల వెనక కూర్చోబెట్టారు. చుట్టరికం ఉందా అంటే, తన వాళ్లలో అందరికంటే ఎక్కువ ఈదినవాడు తన బాబాయి అనీ, ఆయన కూడా చెరువు దాటలేదనీ చెప్పాడు. అది లేదు కిందికి వస్తుందని మెలనీ రాసుకుంది.

"నాదొకటే ప్రశ్న" అన్నాడు. "వానాకాలం మొదట్లో, ఒక రోజు నన్ను దిగనివ్వలేదు. రన్‌వే ఖాళీ లేదు అన్నావు. ఎందుకు అంటే చెప్పలేదు. గాల్లో తిప్పి తిప్పి వెనక్కి తీసుకుపోయాను. మా వాళ్లతో చివాట్లు తిన్నాను. ఎందుకు చెప్పలేదు?"

తెపాయెరు బయట గడ్డిలో కూర్చున్న ఊరి వైపు ఓసారి చూసింది. ఆ రేడియో దీవిలో ప్రతి వంటింట్లోనూ వినపడుతుంది; పంది అంటే చాలు, ఎవరిదని అందరూ అడుగుతారు. "పంది ఈనుతోంది, రన్‌వే నడిమధ్యన. కదిలిస్తే తల్లి మనిషి మీదపడి చంపేస్తుంది. అందుకే వద్దన్నాను."

"ఎవరి పంది?"

ఆమె మాట్లాడలేదు. మెలనీ కలం ఆగింది. నిబంధన రాసినవాడెవరో సరిగ్గా ఈ మౌనానికే భయపడి ఉంటాడు.

"పంది గలవాడికి చెప్పాల్సింది చెప్పాను" అంది చివరికి. "తూర్పు కొసన కంచె వెయ్యకపోతే విమానం రానివ్వనన్నాను. వేశాడు. ఇప్పుడు అటునుంచి పందులు రావడం లేదు. పేరెందుకు మీకు?"

బయట గడ్డిలో ఒక గొణుగుడు లేచింది. ఆ కంచె ఎవరు వేశారో దీవికంతా తెలుసు. ఎండలో గుంజలు మోస్తూ, ప్రజాసేవ అంటూ, వచ్చేపోయేవాళ్లతో దండం పెట్టించుకున్న మనిషి.

మెతువా తాత గొంతు సవరించుకున్నాడు. "పంది నాదే."

"ఓరి నీ ప్రజాసేవ తగలెయ్యా!" అంది అకైతి అవ్వ. "మేం నీకు ఓట్లేశాం కదయ్యా దానికి!"

"తాతని అని కూడా చూడలేదు" అని తాత ఫెర్గస్‌తో ఫిర్యాదు చేశాడు. "చేతులు బొబ్బలెక్కాయి నాకు."

ఫెర్గస్ నవ్వలేదు. కలం తీసుకుని, ఎక్కడ సంతకం పెట్టాలో అడిగి, పెట్టేశాడు. కింద మెలనీ ముద్ర వేసింది. ఇద్దరూ కుర్చీల్లోంచి లేవకముందే అకైతి అవ్వ కాగితం మీదకి వంగి, సిరా ఆరిందా అని వేలితో తాకి చూసింది. ఆరింది. అప్పుడు తను కూర్చున్న చాప కింద దాచిన తలపూదండ తీసి ఫెర్గస్ ఎర్రటి చెవుల మీదకి దిగేలా పెట్టింది.

"ఇన్నేళ్లుగా మా చేమదుంపలు తింటున్నావు. నిన్ను పెంపకానికి తీసుకోవాలని ఎప్పణ్ణించో అనుకుంటున్నాను. ఇవాళ్టిదాకా ఎందుకో ఆగాను, మంచిదే అయింది. ఇంక నువ్వు నా కొడుకువి. దీనికి బాబాయి వరస అవుతావు. మళ్లీ ఎప్పుడూ కమిటీలో కూర్చోకు."

తెపాయెరు అప్పటిదాకా నిలబడే ఉంది. కాటా మీద కూర్చుండిపోయింది. ముల్లు గిర్రున తిరిగి ఆగిన అంకెని ఊరంతా చూసింది. అందరి అంకెలూ దాచిన మనిషిది ఒక్కసారైనా చూడాలని ఎవరికుండదు? ఆమె పట్టించుకోలేదు. గుండెల్లోంచి ఊపిరి ఎంత పొడుగ్గా వచ్చిందంటే, పక్కన మెలనీ కూడా తెలియకుండానే ఊపిరి వదిలింది. జీతం మొత్తం వచ్చినా ఆక్లండ్ కోళ్ల ఫ్యాక్టరీ ఇచ్చేదానికి దగ్గరకి రాదు. అయినా మంగళవారం పొద్దున ఏ పంది ఎక్కడ పడుకుందో చూసే పని తనదే.

విమానంలో రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. ఆ బరువుకి సరిపడా చేమదుంపలు ఎక్కించమని అవ్వ తన కొత్త కొడుక్కి అప్పుడే హుకుం జారీ చేస్తోంది. నూరోవా డ్రమ్మెత్తి భుజాన వేసుకోబోయి ఆగిపోయాడు.

"ఏమే, పడవ మీ అన్నకి ఇచ్చేశాను కదే."

"అడుగు."

"ఇచ్చిందాన్ని ఎలా అడగనే? ఇప్పటికే ఎర్ర రంగు వేయించాడు."

"చుట్టమేగా, అడుగు" అని ఆమె లేచి, శిరస్త్రాణం తగిలించుకుని, విమానం లేపడానికి ఫైరింజన్ వైపు నడిచింది.