ఎడారి ఎలుక కంటికి నేను తెచ్చిన కరువు

చచ్చిన ఎలుక బతికున్న మనిషి పరువు ఎలా తీస్తుందో చెబుతాను, కాస్త తీరిగ్గా కూర్చోండి. ఆ మనిషిని నేనే. శారదగారు అడ్డుపడటం వల్లే నా డాక్టరేటు ఆలస్యమైందని మా బంధువులు ఇప్పటికీ అంటుంటారు. అది శుద్ధ అబద్ధం. దాన్ని పుట్టించిన ఘనుణ్ణీ నేనే.

అమలాపురంలో పరిశోధన వెలగబెడుతున్న రోజులవి. రాజస్థాన్ నుంచి ఫార్మలిన్ సీసాల్లో వచ్చిన ఎడారి ఎలుకల కనుగుడ్డు వెనక ఉండే గ్రంథి నా విషయం. దాన్ని స్పిరిట్‌లో, జైలీన్ అనే ద్రావకంలో ముంచి, మైనంలో పోసి, పల్చగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే కణం నిండా గుండ్రటి ఖాళీలే, అట్టు మీద చిల్లుల్లా! గోదారవతల జొన్నాడ దాటి ఎరగని నాకు ఎడారి అంటే దాహమే. నీళ్లు లేక గ్రంథి ఎండిపోయిందని తేల్చేశాను. కుందేలుకు మూడే కాళ్లన్నవాడు నయం, నేను పట్టిన ఎలుకకు కన్నీళ్లే లేవు.

నాతోపాటు పరిశోధన చేస్తున్న శారదగారు చూసి నవ్వారు.

"అవి కొవ్వు ఉన్న చోట్లండీ. కంటికి నూనె పట్టించడమే ఆ గ్రంథి పని. జైలీన్‌లో కొవ్వంతా కరిగిపోయుంటుందండీ."

"ఎడారి బాధ మీకేం తెలుస్తుందండీ, మలికిపురంలో పుట్టేరు!"

"మీరు మాత్రం ఒంటె మీద వచ్చేరేంటండీ?"

నా థీసిస్ తేల్చడానికి విశాఖ నుంచి పరీక్షకుడు వచ్చారు. ఆయన ఒప్పుకోకపోతే ఏళ్ల చాకిరీ గోదాట్లో కలిసినట్టే. అందరి ముందూ ఎలుక దాహాన్ని గొంతు వణికిస్తూ వర్ణించాను.

"ఎండితే కణం ముడుచుకోవాలి కదా? ఇవి బూరెల్లా ఉన్నాయే! ఇక్కడి ఎలుకతో పోల్చి చూశారా?"

"చూడక్కర్లేదండీ, తెలిసిన సంగతే. అవి నిండుగా ఉంటాయండీ."

శారదగారు తన స్లైడు సూక్ష్మదర్శిని కింద పెట్టారు. అవే చిల్లులు.

"ఇదెక్కడిదమ్మా?"

"మా కొబ్బరితోటలోదండీ. కాలువ గట్టునే పుట్టి, లేతబొండాలు కొరికి నీళ్లు తాగి బలిసిందండీ."

ఆయన నాకేసి తిరిగారు. "దీనికీ దాహమేనంటారా?"

"ఆయ్" అన్నాను, దేనికైనా అవునండీ అనే, పుట్టుకతో వచ్చిన గోదారి అలవాటు కొద్దీ.

హాలంతా ఘొల్లుమంది. థీసిస్ వెనక్కొచ్చింది. మైనం, జైలీన్ లేకుండా గ్రంథిని గడ్డకట్టించి కోయడం శారదగారే నేర్పారు. కొవ్వుకు పట్టే ఎర్రరంగు వేయగానే నా ఖాళీలన్నీ ఎర్రటి బొట్లతో నిండాయి. నా డాక్టరేటు ఆవిడ చలవ. అడ్డుపడింది నా తెలివే.

అందుకే గోదారమ్మ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: నా చేత్తో నేనే జైలీన్‌లో ఉతికిన ఎలుకను చూసి, దాని కరువుకు మళ్లీ కంటతడి పెట్టను.