పొంగిన రాయి

నేను కాపురానికి వచ్చిన రెండో ఎండాకాలంలో మా బావి ఎండిపోయింది. డెబ్భైల నడిమి సంవత్సరాలవి. మా చేను మొగుడంపల్లి దారిలో ఉండేది. అక్కడి నేలంతా ఎరుపే. నా పుట్టిల్లు బీదరు వైపు కాబట్టి ఎర్రరాయి నాకు కొత్తేమీ కాదు. నేలలో ఉన్నంతసేపూ మెత్తగా ఉండి గొడ్డలికి లొంగుతుంది. దిమ్మెలుగా కోసి ఎండకు పెడితే నాలుగు రోజుల్లో ఇనుములా బిగుసుకుంటుంది. ఎంత లోతు తవ్వినా భూమి నిండా ఆ రాయే ఉంటుందని అనుకునేదాన్ని.

బావిని లోతు చేయించాలని మా ఆయన పట్టుబట్టాడు. తవ్వేవాళ్ళు దిగారు. కొన్నాళ్ళకు ఎర్రరాయి అయిపోయి పసుపు మన్ను వచ్చింది. దాని కింద తెల్ల మన్ను. తట్టలో పైకొచ్చిన ఆ మన్నును వేళ్ళతో నలిపితే వెన్నలా జారింది. మా అత్త రెండు తట్టలు ఇంటికి మోయించి పొయ్యి అలికింది. ఎర్రటి రాయి కింద తెల్లటి వెన్న ఎందుకుందో నాకు అర్థం కాలేదు. అడిగితే మా ఆయన, “నన్నడుగుతవేంది? నేనేమన్న లోపలికి పోయి చూసొచ్చిన్నా?” అన్నాడు.

ఆ తెల్ల మన్ను కింద నల్లరాయి తగిలింది. గడ్డపారకు లొంగకపోతే మందు పెట్టి పేల్చారు. పైకొచ్చిన నల్లరాతి ముక్కలను చూసి అందరం చుట్టూ మూగాం. జామకాయ పగిలినట్టు పగిలిన ఆ రాళ్ళలో చిన్న చిన్న గుహలున్నాయి. గుహల లోపల తెల్లని పలకలు, ముత్యంలా మెరుస్తూ, ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. ఎవరూ లోపల పెట్టకుండా, పైనుంచి దారి లేకుండా, గట్టి రాతి కడుపులో అవెలా పెరిగాయి?

అత్త ఒక పలకను గోటితో గీకి చూసి, “పటికనే గదా గిది. గింత దానికి గట్ల నోళ్ళు తెరుస్తరేంది?” అంది.

అప్పుడు నాకు నోటిపూత. అన్నం ముద్ద పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పటికను నిప్పుల మీద పొంగించి, ఆ పొడి రాస్తే తగ్గుతుందని అత్త నమ్మకం. ఆ సాయంత్రమే రెండు పలకలు తెచ్చి నిప్పుల మీద వేసింది. నేను పక్కనే కూర్చున్నాను. కాసేపటికి ఆ రాయి నిజంగానే పొంగింది! పొరలు పొరలుగా విప్పుకుని, పురుగులా మెలికలు తిరిగింది.

“చూసినవా? నేను చెప్పలే?” అంది అత్త గర్వంగా.

చల్లారాక పొడి చేసి పుండు మీద అద్దింది. పటికైతే నోరంతా వగరై ముడుచుకుపోవాలి. నాకు మన్ను రుచి తప్ప ఇంకేమీ తగలలేదు.

“తగ్గిందా పిల్లా?”

ఊ అని తల ఊపాను. అత్తకే అనుమానం వచ్చి ఒక పలకను చెంబు నీళ్ళలో వేసింది. పటికైతే కరగాలి. తెల్లారి చూస్తే వేసింది వేసినట్టే ఉంది. నిప్పుల్లో పటిక, నీళ్ళలో రాయి. మా ఆయన ఒక ముక్క జేబులో వేసుకుని జహీరాబాదు పోయి కిరాణా సేటుకు చూపించాడు. సేటు నాలుకతో తాకి, ఉమ్మేసి, “మా దుకాణంల గిసుంటిది లేదు” అన్నాడట.

నీళ్ళ జాడ మాత్రం లేదు. ఆ రోజుల్లోనే బావులు చూడటానికి సర్కారు తరఫున ఒక సారు ఊళ్ళు తిరుగుతుంటే మా ఆయన పిలుచుకొచ్చాడు. ఆయన తాడు పట్టుకుని దిగి, గోడలను అరచేత్తో తడిమి పైకొచ్చాడు. నేను తెల్ల పలకలు చూపించి, ఇది పటికా, రాయా అని అడిగాను.

“రాయేనమ్మా. కానీ దీని లోపల నీళ్ళున్నాయి. కాలిస్తే ఆ నీళ్ళు ఆవిరై పొంగుతుంది” అన్నాడాయన. ఒకప్పుడు ఇక్కడ భూమి పగిలి నిప్పులాంటి ద్రవం పారిందనీ, అది చల్లారి నల్లరాయైందనీ, లోపల చిక్కుకున్న గాలిబుడగలే ఈ గుహలనీ, తర్వాత వేడినీళ్ళు ఇంకి వాటిలో ఈ పలకలు పేరుకున్నాయనీ చెప్పాడు.

అత్త నడుము మీద చెయ్యి పెట్టుకుంది. “రాయిల నీళ్ళున్నయంటవు, బాయిల లేవు. గిదేం లెక్క సారూ?”

ఆయన నవ్వి ఇంకో మాట చెప్పాడు. నన్ను పూర్తిగా అయోమయంలో పడేసింది ఆ మాటే. పైన ఎర్రరాయి, నడుమ తెల్లమన్ను, అడుగున నల్లరాయి మూడూ ఒకటేనట. నల్లరాయే వానలకు నాని నాని కుళ్ళి తెల్లమన్నైందట, ఇనుము మిగిలి పైన ఎర్రబడిందట. పుట్టినప్పటినుంచి నేను చూసిన ఎర్రరాయి కుళ్ళిన నల్లరాయా? కుళ్ళినది మళ్ళీ ఎండకు ఇనుములా ఎట్లా బిగుస్తుంది?

“నల్లరాయిలో ఇక్కడ పగుళ్ళు లేవు. వాననీరు ఎర్రరాయిలోంచి దిగి తెల్లమన్ను మీద ఆగుతుంది. అక్కడ పడమటికి అడ్డంగా తవ్వండి” అని చెప్పి సారు వెళ్ళిపోయాడు.

మా ఆయనకు మనసొప్పలేదు. “గింత దాక వచ్చినం. ఇంక జర కిందికి పోతే తగుల్తది” అన్నాడు. ఆయన మాట విన్నప్పుడు ఆయనదే నిజమనిపించేది. పొంగిన పలక గుర్తొస్తే సారుదే నిజమనిపించేది. చివరికి మందు పేల్చి పేల్చి విసుగొచ్చి మా ఆయనే పడమటి గోడను అడ్డంగా తవ్వించాడు. పొడిమన్ను వచ్చింది. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

మర్నాడు అత్త బావి గట్టు మీద నిలబడి, “ఒక్క దిక్కే చూస్తరేంది? తూర్పుకు గూడ తవ్విన్రా?” అని అరిచింది. తవ్వారు. ఎర్రరాయి, తెల్లమన్ను కలిసేచోట ముందు చెమ్మ, తర్వాత సన్నటి ధార. చెంబు పట్టి తాగితే నీళ్ళు చల్లగా, ఇనుము వాసనతో ఉన్నాయి. బావిలోకి దిగిన మా ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో కింద నీడలో నాకు తెలియలేదు.

ఆ నీళ్ళతో ఆ ఏడు అల్లం మడి నిలిచింది. వానాకాలంలో సారు మళ్ళీ వచ్చి, తూర్పున నీళ్ళు పడ్డాయని విని చాలాసేపు బావిలోకి చూశాడు. “నేల వాలు పడమటికే ఉంది కదా...” అని తనలో తాను అనుకుని, “ఎందుకో తెలియదమ్మా” అన్నాడు. చదువుకున్నాయన అంత తేలిగ్గా ఆ మాట అనగలగడం నాకు నచ్చింది.

ఎనభైల్లో మా అమ్మాయి బడి పుస్తకంలో రాళ్ళ పాఠం వచ్చింది. నిప్పునుంచి పుట్టినవి, నీటి అడుగున పేరుకున్నవి, వేడికీ బరువుకూ మారినవి అని మూడు రకాలట. “అమ్మా, మన ఎర్రరాయి ఏ రకం?” అని అడిగింది. మూడూ చదివించుకుని విన్నాను. ఏ ఒక్కదాంట్లోనూ పూర్తిగా ఇమడలేదు. మీ బడి సారునే అడుగు అన్నాను. ఆయన ఏమి చెప్పాడో అది వచ్చి చెప్పలేదు, నేను అడగలేదు.