మీసం తీయించిన రీమేక్

మా నాయన నిక్షేపంగా బతికి ఉండి, తోటలో చీనీ చెట్లకు నీళ్ళు పెడుతుండగా, ఆయన కోసం కమలాపురంలో సగం వీధిని ఏడిపించిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. అయితే ముందే ఒక మాట: వాదనలో గెలిచింది నేనే. కాదనేవాళ్ళు చివరిదాకా చదివి అప్పుడు కాదనండి, చూస్తాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కడపలో చదువు పేరు చెప్పి గది తీసుకుని, వీడియో గేములతో కాలక్షేపం చేస్తున్నాను. ఒక పాత దయ్యాల గేమును కొత్త బొమ్మలతో, కొత్త చప్పుళ్ళతో మళ్ళీ తయారు చేసి వదిలారు. రీమేక్ అన్నమాట. నాతో గదిలో ఉండే ఖాదర్‌కు అది నచ్చలేదు.

“చేసిందే చేసేదేందప్పా? కథ ముందుకు పోవల్ల. సీక్వెల్ తీసింటే శానా బాగుండు.”

“సీక్వెల్‌లో ఏముంటాదిరా? దయ్యానికి తమ్ముణ్ణి పుట్టిస్తారు, అంతే గదా! పాత ఇంట్లోనే, పాత దయ్యంతోనే, కొత్తగా భయపెట్టల్ల. అదీ పనితనం!”

“ఆ ఇంట్లో ప్రతి తలుపూ నీకు తెలుసు. ఇంగ భయం యాడ నుంచి వస్తాది?”

తెలివైనవాడైతే “వస్తుంది, రీమేక్ గొప్పతనమే అది” అనేవాడు. నేను తొడగొట్టి, మీసం మెలేశాను.

“నాకు భయమా? ఒక్క అరుపు అరిచినా ఈ మీసం తీసేస్తా!”

చూశారా నా తెలివి? భయపడితే మీసం పోతుంది, భయపడకపోతే వాదన పోతుంది. ఎటు తిరిగినా నేనే గోతిలో పడేలా పందెం కాసి, పైగా రొమ్ము విరుచుకుని కూర్చున్నాను.

పట్టపగలు, కిటికీలన్నీ తెరిచి ఆట మొదలుపెట్టాం. పాత ఆటలో దయ్యం బీరువాలోంచి దూకేది. ధైర్యంగా బీరువా తెరిచాను. ఏమీ లేదు. “చూస్తివా?” అని ఖాదర్ వైపు తిరిగి నవ్వబోతుండగా, నా చెవి పక్కనే ఎవరో ఊపిరి తీశారు. తల తిప్పితే తెరనిండా ఆ దయ్యం మొహం.

“నాయనో!” అని నేను పెట్టిన కేకకు కింద బజ్జీలు వేసే ఆయన జల్లిగరిటెతో సహా మేడెక్కి వచ్చాడు.

“మాట మీద నిలబడతావా, లేదా?” ఖాదర్ రేజర్ అందించాడు.

“నేనరిస్తినంటే రీమేక్ గొప్పదనే గదా? గెలిచింది నేనే!” అంటూనే మీసం గీసుకున్నాను.

మాలో తండ్రి పోతేనే కొడుకు మీసం తీస్తాడన్న సంగతి, మరుసటి రోజు ఊళ్ళో బస్సు దిగేదాకా నా బుర్రకు తట్టలేదు. పక్కింటి సుబ్బమ్మత్త నా మొహం చూడగానే బిందె వదిలేసింది.

“అయ్యో కొడకా! ఎప్పుడు జరిగె? పొద్దున గూడా మీ నాయన్ని పలకరిస్తి గదా!”

“అట్లా కాదత్తా, ఇది రీమేకు…”

“అదేం రోగం నాయనా, పేరే వినలేదే!”

ఇల్లు చేరేసరికి నా వెనక పెద్ద గుంపు. ఆ ఏడుపులు విని మా నాయన తోట నుంచి పరుగెత్తుకొచ్చాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, గుంపు చివర ఉన్నాయన్ను మెల్లగా అడిగాడు: “ఎవురప్పా పోయినారు?”

ఆ మనిషి మా నాయన్ను చూసి గోడకు అతుక్కుపోయాడు.

అమ్మ మాత్రం నా మొహం చూసి నిజంగానే ఏడ్చింది. అక్కడ నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

జనం వెళ్ళాక నాయన నన్ను ఎదురుగా నిలబెట్టాడు. దయ్యం, బీరువా, పందెం అన్నీ చెప్పాను.

“అంటే, ముందు చేసిందాన్నే మళ్ళా బాగు చేసేదా, ఇంగొకటి చేసేదా అనే గదా మీ కొట్లాట?”

“అంతే నాయనా. బాగు చేసేదే మేలు!”

అప్పుడే మా చెల్లెలు ఆయనకు మంచినీళ్ళు తెచ్చింది. ఆ ఏడే ఉద్యోగం సంపాదించుకున్న పిల్ల. నాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

“నీకు రెండేండ్లప్పుడే మేమూ ఇదే ఆలోచన జేస్తిమిరా. నువ్వు బాగుపడేటట్టు లేవని, దీన్ని కంటిమి.”

కాబట్టి తూర్పు తిరిగి, పెరిగిన మీసం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: మా నాయన నూరేళ్ళు చల్లగా ఉండాలి, అన్నాళ్ళూ ఈ మీసాన్ని ఏ పందెంలోనూ పెట్టను. రీమేకే గొప్పదన్న మాట మాత్రం చచ్చినా వెనక్కి తీసుకోను, మా ఇంట్లో మిగతా ముగ్గురూ సీక్వెల్ పక్షమే అయినా సరే.