రాహుకాలంలో మాడిన పీవీసీ

మొన్న మా మేడ మీద నీళ్ల గొట్టం మార్చడానికి వచ్చిన పనివాడు పీవీసీ పైపును వంచాలని నల్లబడేదాకా మంట మీద పట్టుకొన్నాడు. అంత కాల్చకూడదయ్యా అంటే, "ప్లాస్టిక్ ఏదైనా ఒకటేగదండీ" అని నవ్వాడు. ముక్కు పుటాలు మండించే ఆ ఘాటుకు కోపం రావలసింది పోయి, అరవైల్లో గుంటూరులో మా మేనమామ నడిపిన రేకుల షెడ్డు గుర్తొచ్చింది. అన్ని ప్లాస్టిక్కులూ ఒకటేనని నమ్మిన మహానుభావుల్లో నేనెరిగిన మొదటివాడు ఆయనే.

ఆ షెడ్డులో ఒకే ఒక చేతి మిషను ఉండేది. పైనుంచి ప్లాస్టిక్ పలుకులు పోస్తే ఇనప గొట్టంలో వేడికి కరిగేవి. మీట లాగితే ఆ ముద్ద కింద ఉన్న ఉక్కు అచ్చులోకి దూరి, చల్లారాక దువ్వెనో సబ్బుపెట్టో అయి బయటపడేది. మీట లాగేది మా అక్క మొగుడు, అంటే మా బావ. పలుకులు, రంగు కలిపేది నేను. మామయ్య చేసే పని పంచాంగం చూడడం. రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టకూడదని అందరూ అనుకునే మాటే గాని, జరుగుతున్న పనిని ఎవరూ ఆపుకోరు. మా మామయ్య మాత్రం మీట లాగిన ప్రతిసారీ ఒక కొత్త వస్తువు పుడుతుంది గనక ప్రతి లాగుడూ కొత్త పనే అని తేల్చి, రోజూ ఆ గంటన్నరా మిషను ఆపించేవాడు. వేడి మాత్రం తీయనిచ్చేవాడు కాదు. తీస్తే మళ్లీ పెట్టడానికి ఇంకో ముహూర్తం కావాలి మరి. ఇంత తర్కం తెలిసిన మనిషి ఏ రాజాస్థానంలోనో ఉండవలసింది, మా ఖర్మకొద్దీ గుంటూరులో పుట్టాడు.

పాలిథీన్ పోసినన్నాళ్లూ ఆ తెలివికి శిక్ష పడలేదు. అది గొట్టంలో గంటన్నర ఉడికినా ఊరుకునే సాధు పదార్థం. తరవాత ప్రత్తిపాడు వైపు రైతులు పత్తికీ మిరపకూ మందు కొట్టే పంపులకు పిడి తొడుగులు కావాలని వచ్చారు. చెమట చేతికి జారకూడదు, మీద మందు పడినా తొడుగు కరిగిపోకూడదు. దానికి పీవీసీయే తగినది. మెత్తబరచే నూనె కలిపితే తోలులా వంగుతుంది, కలపకపోతే కొయ్యలా నిలుస్తుంది, మంట తీస్తే తనే ఆరిపోతుంది. ఇవన్నీ నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. సాయంత్రాలు గ్రంథాలయంలో ఒక పక్క ఇంగ్లీషు పుస్తకం, ఇంకో పక్క నిఘంటువు పెట్టుకొని సంపాదించుకున్నాను, ఆ గర్వం నాకిప్పటికీ ఉంది. పీవీసీ వేడిలో నిలవుంటే విరిగిపోయి ఆమ్లపు ఆవిరి కక్కుతుందనీ, అది ఉక్కునూ ఊపిరితిత్తులనూ తింటుందనీ, ఆపే ముందు పాలిథీన్ పోసి గొట్టం కడిగెయ్యాలనీ ఆ పుస్తకంలోనే ఉంది. మామయ్యకు చెప్పాను.

"ఏరా, పుస్తకం చదివి ఈత కొట్టినవాణ్ణి చూశావట్రా నువ్వు?" అన్నాడు. ఆయనకు ఈత కూడా రాదు.

ఒక మంగళవారం మూడింటికి రాహుకాలం రాగానే, గొట్టంలో పీవీసీ ఉండగానే మిషను ఆగింది. నాలుగున్నరకు బావ మీట లాగితే నల్లటి బొగ్గుముద్ద చిమ్మింది, దానితో పాటు పొగ. బావ షెడ్డు బయటికొచ్చి గోడ పట్టుకొని దగ్గుతూనే ఉన్నాడు. నెలల తరబడి ఎదురుచూసి మద్రాసు నుంచి తెప్పించిన అచ్చు లోపలంతా రెండు రోజుల్లో తుప్పు గుంటలు పడింది. అదంతా బావ చేతి దోషమనీ, ఆ చెయ్యి ఇక మీట మీద పడకూడదనీ మామయ్య తీర్పు. అక్కకు అప్పుడు ఏడో నెల. బావకు ఆ పని తప్ప ఇంకో ఆధారం లేదు.

ఋజువు చూపిస్తే మనిషన్నవాడు ఒప్పుకుంటాడని నమ్మే వయసు నాది. పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసి, రెండు గుడ్డలు తడిపాను. పాలిథీన్ కాచి ఒకటి పైన పట్టుకుంటే ఎర్రగానే ఉంది. పీవీసీ మాడ్చి రెండోది పట్టుకుంటే ఆమ్లానికి ఎరుపు విరిగి పసుపుపచ్చగా తిరిగింది. చూశారా, తప్పు చేతిది కాదు, పొగది అన్నాను.

మామయ్య ఆ గుడ్డను అందుకొని వెలుతురుకు పట్టాడు. "పారాణి వెలిసిపోయిందిరా. ఇంతకన్నా అశుభం ఉంటుందా? మీ బావ అడుగుపెట్టిన వేళ అలాంటిది" అన్నాడు.

"పోనీలెండి మావయ్యగారూ" అని బావ తువ్వాలు దులుపుకొని వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా అక్కను తీసుకొని చీరాల చేరి, సైకిళ్లు బాగుచేసుకుంటూ బతికాడు.

ఆ తరవాత వారమే మామయ్యకు జ్ఞానోదయమైంది. ఆయన ముహూర్తాలడిగే సిద్ధాంతిగారు, రాహుకాలానికి ముందు గొట్టంలో తెల్ల పాలిథీన్ పలుకులు పోసి లోపలున్నది కడిగెయ్యడమే దోషపరిహారమని సెలవిచ్చారట. అక్షరం పొల్లుపోకుండా నేను చెప్పిందే. మామయ్య కళ్లకద్దుకొని పాటించాడు. తరవాత తెప్పించిన కొత్త అచ్చు గుంట పడలేదు, కొత్త మనిషి దగ్గలేదు, సిద్ధాంతిగారికి శాలువా కప్పారు. గ్రహాలు రసాయన శాస్త్రం ఎప్పుడు చదివాయో అని నేను చాలా ఏళ్లు ఎద్దేవా చేశాను.

ఒకసారి చీరాలలో అదే వెటకారం బావ ముందు చేశాను. ఆయన చక్రం పుల్లలు బిగిస్తూ తలెత్తకుండా, "నేనేరా బామ్మర్దీ ఆ సిద్ధాంతిగారి చెవిన వేసింది. ఊరు వదిలే ముందు వెళ్లి చెప్పి వచ్చాను. నువ్వు చెబితే మీ మావ ఎందుకింటాడు? ఆ తరవాతి వాడెవడో ఆ పొగ పీల్చి చావడం దేనికి?" అన్నాడు. అన్ని పుస్తకాలు చదివిన నాకు తట్టింది గుడ్డ తడపడం. ఏమీ చదవని ఆయనకు తట్టింది ఇది.

ఇప్పటి మిషన్లు వేడి మితిమీరితే తమంతట తామే ఆగిపోతాయి. ఎంత మూర్ఖుడి చేతిలో పెట్టినా భయం లేదంటారు, మామయ్య లాంటివాళ్లకు మహా సుఖమైన కాలం. తనను గెంటేసిన షెడ్డులో రేపు నిలబడబోయే ముక్కూమొహం తెలియనివాడి కోసం ఎండలో సిద్ధాంతి ఇంటికి నడిచి వెళ్లే అవసరం ఇక ఎవరికీ లేదు. లేకపోవడం మంచిదే. అలా వెళ్లగలిగిన మనిషి మన మధ్య ఉన్నాడో లేదో తెలుసుకునే దారి కూడా దాంతో పాటే మూసుకుపోయింది.