లోపల ఎవరో ఉన్నారు

మా మాస్టారికి ఉన్నది ఒక్కటే జబ్బు. తలుపు కనిపిస్తే తట్టకుండా ఉండలేరు. తట్టి, "ఎవరైనా ఉన్నారా?" అని అడిగి, నెమ్మదిగా పది లెక్కపెట్టి, అప్పుడు గానీ లోపల అడుగు పెట్టరు. అందులో వింతేముంది, మర్యాదస్తుడు అంటారేమో. ఆయన అలా తట్టేది తన సొంత గదిని. తాళం తానే తీసి, తట్టి, అడిగి, పది లెక్కపెట్టి, "సరే, వస్తున్నాను" అని ఎవరికో చెప్పి మరీ వెళ్ళేవారు.

బీరువాలనీ తట్టేవారు, బల్ల సొరుగుల్నీ తట్టేవారు. వాళ్ళింట్లో ఫ్రిజ్‌కి కూడా ఈ మర్యాద దక్కుతుందని ఆయన భార్యే చెప్పారు. పెళ్ళయిన కొత్తలో భయపడి పుట్టింటికి వెళ్ళిపోదామనుకున్నారట. తర్వాత అలవాటైపోయి, వంటగదిలోంచి ఆయన గొంతు వినబడగానే "పాలున్నాయి, గుడ్లు లేవు" అని ఆవిడే జవాబు చెప్పడం మొదలుపెట్టారు.

మేము పనిచేసేది ఒక పాత భవనం కింద, నేలమాళిగలో. సూర్యుడికంటే బాగా చిన్నవి, చల్లనివి, ఎర్రగా మసకగా వెలిగే నక్షత్రాలు కొన్ని ఉంటాయి. వాటి చుట్టూ మన భూమిలాంటి రాతి గ్రహాలున్నాయేమో తేల్చాలి. గ్రహం కంటికి కనబడదు. అది నక్షత్రానికి అడ్డంగా వెళ్ళినప్పుడు వెలుగు రవ్వంత తగ్గుతుంది, అంతే. చీకటి వీధిలో నిలబడి దూరంగా ఉన్న ఇంటి కిటికీని చూస్తుంటే, లోపల దీపం ముందునుంచి ఎవరో నడిచినట్టు అనిపిస్తుంది కదా, అలాగ. నడిచింది ఎవరు, అసలు ఎవరైనా నడిచారా అన్నది తేల్చడమే మా ఉద్యోగం.

కొత్త నక్షత్రం ఫైలు తెరిచే ముందు మాస్టారు కంప్యూటరు తెరమీద కూడా వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవారు. అది ఎన్నో కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, మీ తట్టుడు వాళ్ళకి వినబడదు మాస్టారూ అని నేనొకసారి వేళాకోళం చేశాను. ఆయన నవ్వలేదు.

"ఎవరూ లేరనుకున్న చోటికి వెళ్ళేటప్పుడే ఎక్కువ జాగ్రత్తగా వెళ్ళాలమ్మా" అన్నారు.

ఆ మాట ఆయన మెల్లగా, నా భుజం మీదుగా వెనక్కి చూస్తూ అన్నారు. నేనూ గిరుక్కున వెనక్కి తిరిగి చూశాను.

ఇంతకీ అసలు సంగతి నడవా చివర ఉన్న స్టోరు రూము. పాడైన యంత్రాలు, ఖాళీ అట్టపెట్టెలు పడేసే గది అది. మాస్టారు దాన్ని రోజూ ఒకసారి తట్టేవారు. మామూలుగా పది లెక్కపెట్టి, లోపలికి వెళ్ళి వచ్చేసేవారు. కానీ కొన్ని రోజులు మాత్రం తట్టి, చెవి తలుపుకి ఆనించి, రెండడుగులు వెనక్కి వేసి మాతో నెమ్మదిగా "లోపల ఉన్నారు. తర్వాత వద్దాం" అనేవారు.

ఎవరండీ అని అడిగితే నాకేం తెలుసు, నేను చూడలేదుగా అనేవారు. ఏ పనీ లేని గదిలో ఎవరుంటారు? వాచ్‌మన్ ఒక మధ్యాహ్నం అటు వెళ్ళి, లోపల ఎవరో పొడుగ్గా ఊపిరి పీల్చడం విన్నాడు. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా విన్నాడు. దయ్యానికి జలుబు చేసిందేమో అని నేనంటే ఒక్కరూ నవ్వలేదు. మాస్టారు ప్రతి సోమవారం అందులోకి ఒక జగ్గుడు మంచినీళ్ళు పట్టుకెళ్ళేవారు. కొన్ని వారాలు ఆ జగ్గు ఖాళీగా తిరిగి వచ్చేది. అది తెలిశాక కరెంటు పనివాడు ఆ చివర మాడిపోయిన బల్బు మార్చనని భీష్మించాడు. అందుకని నడవాలో ఆఖరి ఇరవై అడుగులు పట్టపగలు కూడా చీకటే. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రమే ఉంది. కాబట్టి అటు వెళ్ళేదాన్ని కాదు.

రెండేళ్ళు కష్టపడ్డాక నాకూ ఒక గ్రహం దొరికింది. దొరికిందనే అనుకున్నాను. నాలుగు రోజుల తొమ్మిది గంటలకి ఒకసారి, గడియారం పెట్టినట్టు, నా ఎర్ర నక్షత్రం వెలుగు తగ్గేది. లెక్కలు కడితే భూమికన్నా కాస్త పెద్ద గ్రహం. నాలుగు రోజుల్లోనే నక్షత్రాన్ని చుట్టేసేంత దగ్గరగా తిరిగేది కాబట్టి దానికి ఒక వైపు ఎప్పుడూ పగలు, రెండో వైపు ఎప్పుడూ రాత్రి అయి ఉండాలి. ఆ రాత్రి వైపు గురించి ఆలోచిస్తూ కూర్చుంటే నాకు టైము తెలిసేది కాదు. ఎప్పటికీ తెల్లవారని ఆ రాళ్ళ మధ్య నేనొక్కదాన్నే తిరుగుతున్నట్టు ఉండేది. ఇంకా ఏదీ ఖాయం కాకముందే, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మా అమ్మ చుట్టాలందరికీ చెప్పేసింది. మా పెద్దమ్మ ఫోన్ చేసి అక్కడ మంచి సంబంధాలేమైనా ఉన్నాయా అని అడిగింది.

మాస్టారు మాత్రం ఇంకొక్కసారి చూద్దామన్నారు. ఆకాశంలో తిరిగే మా టెలిస్కోపుకి చూపు కాస్త మందం, పక్కపక్కనే ఉన్న రెండు నక్షత్రాల వెలుగు దానికి ఒకే ముద్దగా కనిపిస్తుంది. అందుకని కొండ మీదున్న పెద్ద టెలిస్కోపుతో రెండింటినీ విడివిడిగా చూడమని కోరాం. ఆ ఫలితం వచ్చే రోజునే డైరెక్టరుగారు పైనుంచి పెద్దలను పిలిచారు. గ్రహం ఖాయమైతే పదకొండింటికి వాళ్ళ ముందు నేను మాట్లాడాలి. లేకపోతే నా రెండేళ్ళూ గంగలో కలిసినట్టే.

పది గంటలకి ఫలితం వచ్చింది. నా నక్షత్రం వెలుగు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. తగ్గుతున్నది దాని పక్క నక్షత్రం. అది ఒకటి కాదు, ఒకదానికొకటి అడ్డం వస్తూ తిరిగే జంట. పక్కింట్లో దీపం ఆరుతుంటే మా ఇంట్లో ఎవరో నడుస్తున్నారని నేను ఇన్నాళ్ళూ సంబరపడ్డాను. గ్రహం లేదు. ఆ రాళ్ళూ లేవు, ఆ రాత్రీ లేదు, ఎప్పుడూ లేవు. పోయినవాళ్ళ కోసం ఏడవడం ఎవరికైనా తెలుసు. అసలు పుట్టనిదాని కోసం ఎలా ఏడవాలో నాకెవరూ నేర్పలేదు.

ఏడుపు మాత్రం ముంచుకొచ్చేసింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది, డైరెక్టరుగారు నన్ను వెతుక్కుంటూ దిగుతున్నారు. ఎవరూ రాని గది ఆ భవనంలో ఒక్కటే ఉంది. దయ్యం కంటే డైరెక్టరుగారికే ఎక్కువ భయపడి ఆ చీకట్లోకి పరుగెత్తాను.

లోపల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కాసేపటికి ఆ ఊపిరి నాదేనని తెలిసింది. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక ఒక కుర్చీ, నీళ్ళ జగ్గు, ఒక పెట్టె మీద ఉతికి మడతపెట్టిన చేతిరుమాళ్ళ దొంతర కనిపించాయి. కుర్చీలో కూర్చోగానే దాని కాలు ఊగి కింద పడబోయి గోడ పట్టుకున్నాను. గోడ నిండా పెన్సిల్ రాతలు, తలా ఒక దస్తూరీ. "నాది గ్రహం కాదు, నక్షత్రం మీద మచ్చ." "ఒకే రోజు రెండు పోయాయి." "కుర్చీ కాలు ఊగుతుంది, జాగ్రత్త." అన్నిటికంటే కింద, చెరిగిపోతున్న మాస్టారి చేతిరాత, ముప్పై ఏళ్ళ కిందటి తేదీ: "తట్టకుండా తలుపు తీశారు. అందరూ చూశారు."

అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఈ ఒక్క తలుపునే తడితే, లోపల ఏడుస్తున్నవాళ్ళెవరో పది నిమిషాల్లో అందరూ కనిపెట్టేస్తారు. కనబడ్డ ప్రతి తలుపూ తడితే పిచ్చాయన అనుకుంటారు, అంతే. ఆ పేరు ఆయన ముప్పై ఏళ్ళు మోశారు. ఆయన్ని వేళాకోళం చేసినందుకు నాకు సిగ్గేసింది.

తలుపు చప్పుడయింది.

"ఎవరైనా ఉన్నారా?"

రుమాలు నోట్లో కుక్కుకున్నాను. మాస్టారు లెక్కపెడుతున్నారు. ఏడు దగ్గర నా ముక్కు నన్ను మోసం చేసింది. ఆయన వెనక డైరెక్టరుగారి గొంతు, ఆ అమ్మాయి ఎక్కడ, అందరూ ఎదురుచూస్తున్నారు అంటోంది.

"లోపల ఉన్నారండీ" అన్నారు మాస్టారు. "తర్వాత వద్దాం."

ఇక తలుపు తెరుచుకుంటుందని గోడకి అతుక్కుపోయాను. అప్పుడు డైరెక్టరుగారు, నేనెన్నడూ వినని మెత్తటి గొంతుతో అడిగారు.

"ఆ కుర్చీ కాలు బాగుచేయించారా?"

"లేదండీ."

"నేను పడ్డప్పుడే చెప్పాను కదండీ. వచ్చినవాళ్ళతో నేను మాట్లాడతాను పదండి."

అడుగులు రెండు జతలుగా దూరమయ్యాయి. నేను ఏడుస్తూనే నవ్వాను, నవ్వు ఎక్కువై ఇంకో రుమాలు తీసుకున్నాను. తర్వాత పెన్సిల్ వెతికి నా వంతు రాశాను.

మర్నాడు ఆ గదికి కొత్త కుర్చీ వచ్చింది. దాన్ని నడవాలో వెలుగున్నంత మేరకే మోసి కింద పెట్టేసిన వాచ్‌మన్, దయ్యానికి కుర్చీ ఎందుకండీ అని అడిగాడట. "నిలబడి ఏడిస్తే మోకాళ్ళు నొప్పులు పుడతాయి నాయనా" అన్నారట మాస్టారు.